విస్కాన్సిన్‌లో సిట్టింగ్ గవర్నర్ ఎందుకు ఓడిపోయారు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఈ శీర్షికలో అమెరికా రాష్ట్రాల గవర్నర్ల గురించి రాస్తూ, 2018 నవంబరులో విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్‌ను ఆ రాష్ట్ర పాఠశాల విద్యాశాఖాధిపతి, డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి టోనీ ఎవర్స్ ఓడించారని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. ఆ వాక్యం చాలదంటూ చాలామంది ఉత్తరాలు రాశారు. ఒకే విషయం అడిగినవాటిని కలిపి, ఈ నెల శీర్షిక మొత్తాన్నీ ఆ ఎన్నికకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికా గవర్నర్ ఎన్నికల్లో పోటీ చేస్తారంటే ఆయనను మన ముఖ్యమంత్రితో పోల్చుకోవాలా? పదవిలో ఉంటూనే పోటీ చేయవచ్చా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పోల్చుకోవచ్చు గానీ పూర్తిగా కాదు. మన రాజ్యాంగం 155వ అధికరణం ప్రకారం గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. 156వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి అభీష్టం ఉన్నంతకాలమే ఆ పదవి ఉంటుంది. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణ స్వీకారం చేయించినప్పుడు తెలుగునాట ఎంత ఆగ్రహం పెల్లుబికిందో ఆనాటివారికి బాగా గుర్తుండే ఉంటుంది. నెల రోజులకు రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. అయితే రామ్‌లాల్‌ను ఓటు వేసి దించే మార్గం మాత్రం మన ఓటరుకు లేకపోయింది. ఆయనను పంపించి శంకర్ దయాళ్ శర్మను తెచ్చింది ఢిల్లీయే.

అమెరికాలో గవర్నర్ అంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని స్వయంగా నడిపే వ్యక్తి. బడ్జెట్ ప్రతిపాదించడం, శాఖాధిపతులను నియమించడం, చట్టసభ ఆమోదించిన బిల్లుపై సంతకం పెట్టడం లేదా దాన్ని తిప్పికొట్టడం ఆయన పనులు. మన ముఖ్యమంత్రి ఒక నియోజకవర్గంలో ఎమ్మెల్యేగా గెలిచి, శాసనసభలో మెజారిటీ చూపించి పదవిలో ఉంటారు. 1989లో ముఖ్యమంత్రి హోదాలో పోటీ చేసిన రామారావు కల్వకుర్తిలో ఓడి, హిందూపురంలో గెలిచి శాసనసభకు వచ్చారు. అమెరికా గవర్నర్‌కు అలా రెండో చోటు ఉండదు, ఎందుకంటే ఆయనకు రాష్ట్రం మొత్తం ఒకే నియోజకవర్గం. గవర్నర్ ఎన్నిక వేరు, చట్టసభ ఎన్నిక వేరు కాబట్టి, గవర్నర్ ఒక పార్టీ, చట్టసభ మరొక పార్టీ కావడం అక్కడ సర్వసాధారణం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు కావలసి వస్తుంది.

పోటీ చేయడానికి గవర్నర్ రాజీనామా చేయనవసరం లేదు. 48 రాష్ట్రాల్లో పదవీకాలం నాలుగేళ్ళు. న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్‌లలో రెండేళ్ళు. వర్జీనియాలో ఒకే వ్యక్తి వెంటవెంటనే రెండుసార్లు గవర్నర్ కాకూడదు, కనుక అక్కడ సిట్టింగ్ గవర్నర్‌ను సవాలు చేయడం అనే మాటే రాదు. విస్కాన్సిన్‌లో ఎన్నిసార్లయినా నిలబడవచ్చు. టామీ థాంప్సన్ 1986 నుంచి 1998 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచారు. ఇలా పరిమితి లేనిచోట సిట్టింగ్ గవర్నర్ పోటీలో ఉంటే, బ్యాలెట్ మీద ఎన్ని పేర్లున్నా ఓటరు తేల్చుకునేది ఆయనను ఉంచాలా, పంపాలా అన్న విషయమేనని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను ఉపాధ్యాయ సంఘంలో పనిచేసి రిటైరయ్యాను. వాకర్ ఉద్యోగ సంఘాల హక్కులు తీసేశారని చదివాను. ఏయే హక్కులు తీసేశారు? అక్కడి ఉద్యోగులు ఎలా స్పందించారు? (వరంగల్ పాఠకుడు)

జవాబు: ఈ కథకు మూలం మీరు అడిగిన విషయంలోనే ఉంది, కాబట్టి కొంత వివరంగా చెబుతాను.

రిపబ్లికన్ పార్టీకి చెందిన వాకర్ 2010 నవంబరులో డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి, మిల్వాకీ మేయర్ టామ్ బారెట్‌ను ఓడించి, 2011 జనవరి 3న పదవి చేపట్టారు. రాబోయే రెండేళ్ళ బడ్జెట్‌లో 360 కోట్ల డాలర్ల లోటు కనిపిస్తోందన్నది ఆయన మొదట చెప్పిన మాట. ఫిబ్రవరి 11న ఆయన ఒక బిల్లు ప్రతిపాదించారు. తరువాత అదే ‘10వ చట్టం’గా ప్రసిద్ధికెక్కింది. దాని ప్రకారం ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు తమ సంఘం ద్వారా మూల వేతనం గురించి తప్ప మరే విషయం గురించీ యాజమాన్యంతో బేరమాడే వీలు లేదు. తరగతిలో ఎంతమంది పిల్లలుండాలి, పని గంటలెన్ని, బదిలీలు ఎలా జరగాలి అన్న అంశాలన్నీ చర్చల బల్ల మీద నుంచి తొలగిపోయాయి. మూల వేతనం కూడా ద్రవ్యోల్బణాన్ని మించి పెరగాలంటే స్థానిక ఓటర్ల ఆమోదం తీసుకోవాలి. మన దగ్గర పీఆర్సీ చర్చలకు సంఘాలను పిలిచి, ఫిట్‌మెంట్ తప్ప ఇంకేమీ అడగవద్దని, అదీ ధరల పెరుగుదల దాటకూడదని షరతు పెడితే ఎలా ఉంటుందో మీరు ఊహించగలరు.

అంతటితో ఆగలేదు. ప్రతి సంఘం ఏటా తన గుర్తింపు కోసం ఓటింగు జరుపుకోవాలి. అందులో ఓటు వేసినవారిలో కాక, ఆ విభాగంలోని మొత్తం ఉద్యోగుల్లో 51 శాతం మద్దతు రావాలి. అంటే ఓటు వేయకుండా ఇంట్లో కూర్చున్నవారంతా వ్యతిరేకించినట్టే లెక్క. సంఘం చందాను జీతంలోంచి మినహాయించి ఇచ్చే పద్ధతి రద్దయింది. పింఛను నిధికి జీతంలో దాదాపు 5.8 శాతం, ఆరోగ్య బీమా ఖర్చులో కనీసం 12.6 శాతం ఉద్యోగులే భరించాలి. పోలీసు, అగ్నిమాపక సిబ్బందికి మాత్రం బేరసారాల ఆంక్షల నుంచి మినహాయింపు దొరికింది. మినహాయింపు పొందిన అగ్నిమాపక సిబ్బందే యూనిఫాం వేసుకుని, మినహాయింపు దక్కని ఉపాధ్యాయుల పక్కన రాజధాని మాడిసన్‌లో ఊరేగింపుగా నడిచారు. సాటి ఉద్యోగుల కోసం వారు చేసిన ఆ పని ఎంతో గౌరవించదగినది.

ఉద్యమం మొదలైన తీరు కూడా చెప్పుకోదగ్గదే. బిల్లు వచ్చిన మూడో రోజు, ఫిబ్రవరి 14, ప్రేమికుల దినం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ పాఠాలు చెప్పే పరిశోధక విద్యార్థులు, తమ విశ్వవిద్యాలయాన్ని ప్రేమిస్తున్నామని రాసిన గ్రీటింగు కార్డులు పట్టుకుని గవర్నర్ కార్యాలయానికి వెళ్ళారు. వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాలపాటు తెలుగు బోధించింది ఆ మాడిసన్ విశ్వవిద్యాలయంలోనే. చట్టసభ భవనానికి అది ఒక మైలు దూరంలో ఉంటుంది. కార్డులతో మొదలైన నిరసన రెండు మూడు రోజుల్లో వేలాదిమందిని చట్టసభ భవనంలోకి తెచ్చింది. జనం రాత్రుళ్ళు ఆ పాలరాతి గచ్చు మీదే పడుకున్నారు. పక్క వీధిలోని పిజ్జా దుకాణానికి ఇతర రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి కూడా తెలియనివారు ఫోన్ చేసి డబ్బు కట్టి, నిరసనకారులకు పిజ్జాలు పంపమన్నారు.

రాష్ట్ర చట్టసభలో ఎగువ సభ అయిన సెనేట్‌లో 33 స్థానాలుంటే రిపబ్లికన్లకు 19 ఉన్నాయి. ఆర్థిక బిల్లు మీద ఓటింగుకు 20 మంది హాజరు తప్పనిసరి. అందుకని 14 మంది డెమోక్రటిక్ సెనేటర్లు ఫిబ్రవరి 17న రాష్ట్రం దాటి ఇల్లినాయ్ వెళ్ళిపోయారు. మూడు వారాలు బిల్లు కదలలేదు. చివరికి రిపబ్లికన్లు అందులోని ఆర్థికాంశాలను విడదీసి, 20 మంది హాజరు అవసరం లేని రూపంలో మార్చి 9న 18–1 ఓట్లతో సెనేట్‌లో నెగ్గించుకున్నారు. మార్చి 11న వాకర్ సంతకం చేశారు.

వాకర్ పక్షాన ఉన్న వాదనను తోసిపుచ్చడం న్యాయం కాదు. స్థానిక పాఠశాల బోర్డులు అంతవరకు సంఘానికి అనుబంధమైన బీమా సంస్థ వద్దే పాలసీలు కొంటూ వచ్చేవి; కొత్త చట్టం వల్ల చౌకగా దొరికినచోట కొనగలిగాయి, ఖర్చు తగ్గింది. అయితే పింఛను, బీమా చెల్లింపులకు ఒప్పుకుంటాం, బేరసారాల హక్కు మాత్రం ఉంచండి అని సంఘాల నాయకులు ఫిబ్రవరిలోనే ప్రకటించినా వాకర్ అంగీకరించలేదు. లోటు పూడ్చడమే లక్ష్యమైతే ఆ మాటతో పని జరిగిపోయేది. సంఘాల బలాన్ని తగ్గించడం కూడా ఆయన ఉద్దేశమేనని నేను అనుకోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: పదవీకాలం ముగియకముందే ఆయనను దించడానికి మళ్ళీ ఎన్నిక పెట్టారట. అంత వ్యతిరేకత ఉంటే అప్పుడే ఎందుకు ఓడిపోలేదు? (కర్నూలు పాఠకుడు)

జవాబు: విస్కాన్సిన్ రాజ్యాంగంలో 1926 నుంచి రీకాల్ పద్ధతి ఉంది. పదవి చేపట్టి ఏడాది దాటాక, గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో నాలుగో వంతుకు సమానమైన సంతకాలు 60 రోజుల్లో సేకరిస్తే మళ్ళీ ఎన్నిక జరపాలి. కావలసినవి 5,40,208 సంతకాలు. అధికారులు పరిశీలించి చెల్లుతాయన్నవి 9 లక్షలకు పైగా. 2012 జూన్ 5న జరిగిన ఎన్నికలో వాకర్‌కు ఎదురు నిలిచింది మళ్ళీ టామ్ బారెట్టే. వాకర్ 53 శాతం ఓట్లతో గెలిచారు. బారెట్‌కు 46 శాతం వచ్చాయి. అంతకుముందు అమెరికాలో రీకాల్ ఎదుర్కొన్న ఇద్దరు గవర్నర్లూ, 1921లో నార్త్ డకోటాలో లిన్ ఫ్రేజియర్, 2003లో కాలిఫోర్నియాలో గ్రే డేవిస్, పదవి పోగొట్టుకున్నారు. రీకాల్‌లో నెగ్గిన మొదటి గవర్నర్ వాకర్.

చట్టం నచ్చకపోయినా, అవినీతికో నేరానికో పాల్పడని మనిషిని గడువుకు ముందే దించడం సబబు కాదని భావించిన ఓటర్లు గణనీయంగా ఉన్నారు. పైగా రెండేళ్ళ కిందట ఓడిపోయిన అభ్యర్థినే ముందు పెట్టడంతో, అది పాత ఎన్నికను తిరిగి జరిపించడంలా కనిపించింది. అప్పటి ఓటరు తీర్పులో వివేకం ఉందనే నేను భావిస్తాను. నాలుగేళ్ళకు ఇచ్చిన అధికారానికి నాలుగేళ్ళ తరువాత లెక్క అడగడమే మంచి పద్ధతి. 2014లో ఆ లెక్క అడిగినప్పుడు కూడా వాకర్ సైకిళ్ళ కంపెనీ కుటుంబానికి చెందిన మేరీ బర్క్ మీద 52–47 తేడాతో గెలిచారు. నాలుగేళ్ళలో మూడు గెలుపులు సాధించడంతో ఆయన పేరు దేశమంతా మార్మోగింది. 2015 జూలైలో అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించి, సెప్టెంబరులోనే విరమించుకున్నారు.

ప్రశ్న: 2018 నాటికి విస్కాన్సిన్‌లో నిరుద్యోగం బాగా తక్కువని చదివాను. మూడుసార్లు గెలిచిన నాయకుడు, ఆర్థిక పరిస్థితి బాగున్నప్పుడు ఎలా ఓడిపోయారు? (విశాఖపట్నం, ఖమ్మం నుంచి పలువురు)

జవాబు: నిజమే, ఆ ఏడాది అక్కడ నిరుద్యోగం 3 శాతం చుట్టుపక్కలే ఉంది. ముందు ఓట్ల లెక్క చూద్దాం. 2014లో వాకర్‌కు 12,59,706 ఓట్లు వచ్చాయి. 2018లో 12,95,080 వచ్చాయి. అంటే గెలిచినప్పటికంటే ఓడినప్పుడే ఆయనకు 35 వేల ఓట్లు ఎక్కువ పడ్డాయి. మారినది అవతలి పక్షం లెక్క: 2014లో బర్క్‌కు 11,22,913 ఓట్లు రాగా, ఎవర్స్‌కు 13,24,307 వచ్చాయి. తేడా రెండు లక్షలు. ఓట్ల మొత్తాలు చూసి ఏ ఓటరు ఎటు మారాడో చెప్పలేము గానీ, వాకర్ అభిమానులు ఆయనను విడిచిపెట్టలేదని, మునుపు పోలింగు కేంద్రానికి రాని వ్యతిరేకులు ఈసారి వచ్చారని అర్థం చేసుకోవడం సమంజసం. మాడిసన్ ఉన్న డేన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఒక్కటే ఎవర్స్‌కు దాదాపు లక్షన్నర ఓట్ల ఆధిక్యం ఇచ్చింది. వాకర్ కంచుకోట అయిన వాకెషా కౌంటీ ఈసారి కూడా మూడింట రెండు వంతుల ఓట్లు ఆయనకే వేసింది, కానీ అది చాలలేదు.

ఆ వ్యతిరేకులు ఈసారి ఎందుకు వచ్చారంటే, మొదటి కారణం అధ్యక్షుడు ట్రంప్. వైట్‌హౌస్‌లో ఏ పార్టీ ఉంటే రాష్ట్రంలో దాని ప్రత్యర్థి పార్టీని గవర్నర్‌గా ఎన్నుకోవడం విస్కాన్సిన్‌కు 1990 తరువాత అలవాటైపోయింది. వాకర్ గెలిచిన మూడుసార్లూ అధ్యక్షుడు ఒబామా. 2018 జనవరిలో రాష్ట్ర సెనేట్ ఉపఎన్నిక ఒకదానిలో కంచుకోట లాంటి సీటును రిపబ్లికన్లు పోగొట్టుకున్నప్పుడే వాకర్ తన పార్టీవారిని బహిరంగంగా హెచ్చరించారు. గాలి మళ్ళుతోందని అందరికంటే ముందు గ్రహించింది ఆయనే.

రెండో కారణం ఫాక్స్‌కాన్. ఈ తైవాన్ కంపెనీ రసీన్ కౌంటీలోని మౌంట్ ప్లెజంట్‌లో వెయ్యి కోట్ల డాలర్లతో టీవీ తెరల కర్మాగారం పెట్టి 13 వేల ఉద్యోగాలిస్తుందని, అందుకు రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలిస్తుందని 2017లో ఒప్పందం కుదిరింది. స్థలం కోసం ఇళ్ళు, పొలాలు సేకరించారు. ఒకపక్క రోడ్లు గుంతలు పడి ఉంటే ఒక్క కంపెనీకి ఇన్ని కోట్లా అని జనం అడిగారు. రోడ్ల మీది గుంతలకు ప్రత్యర్థులు ‘స్కాట్ గుంతలు’ అని గవర్నర్ పేరే పెట్టారు. ఒప్పందం 2021లో తిరగరాసేనాటికి ఉద్యోగాల సంఖ్య 1,454కు, రాయితీలు గరిష్ఠంగా 8 కోట్ల డాలర్లకు దిగివచ్చాయి. పరిశ్రమల కోసం భూములిచ్చిన మన ప్రాంతాలవారు ఈ వివరం దగ్గర కాసేపు ఆగి ఆలోచిస్తారని తెలుసు.

మూడోది ఆరోగ్య బీమా. ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టాన్ని కొట్టివేయాలని టెక్సాస్ ముందుండి నడిపిన వ్యాజ్యంలో విస్కాన్సిన్ కూడా భాగస్వామి. ఆ చట్టం పోతే, ముందునుంచే జబ్బు ఉన్నవారికి బీమా నిరాకరించే రోజులు తిరిగొస్తాయని ఎవర్స్ ఊరూరా చెప్పారు. ఆయనే అన్నవాహిక క్యాన్సర్ నుంచి కోలుకున్న మనిషి కాబట్టి ఆ మాట జనానికి నాటుకుంది.

అన్నిటికంటే లోతైన కారణం బడి. 2011 బడ్జెట్‌లో వాకర్ పాఠశాలలకు రాష్ట్ర సాయాన్ని రెండేళ్ళకు దాదాపు 80 కోట్ల డాలర్ల మేర తగ్గించారు. ఎవర్స్ బారబూ అనే చిన్న ఊళ్ళో సైన్సు ఉపాధ్యాయుడిగా మొదలుపెట్టి, ప్రిన్సిపాలై, జిల్లా పాఠశాలల అధికారియై, 2009, 2013, 2017లలో రాష్ట్ర పాఠశాల విద్యాధిపతిగా ఎన్నికయ్యారు. వాకర్ పాలించిన ఎనిమిదేళ్ళూ ఆయనతో ఢీకొంటూ పనిచేసింది ఈయనే. గొంతు పెంచి మాట్లాడే మనిషి కారు. 67 ఏళ్ళ వయసు. ఉపన్యాసాలు చప్పగా ఉంటాయని సొంత పార్టీవారే అనేవారు. వాకర్ ఎన్నికలకు ముందు 2017 బడ్జెట్‌లో పాఠశాలల నిధులు బాగా పెంచారు. అది పిల్లలకు మేలు చేసే బడ్జెట్ అని అప్పట్లో ఎవర్స్ మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలును వాకర్ ప్రచారంలో వాడుకున్నారు. అయినా తమ ఊరి బడిలో ఆరేళ్ళపాటు ఏం జరిగిందో తల్లిదండ్రులు మరచిపోలేదు. 2011లో చట్టసభ గచ్చు మీద పడుకున్న ఉపాధ్యాయులు 2012లో ఓడారు, 2014లో ఓడారు, అయినా ఇంటింటికీ తిరగడం మానలేదు. 2018 గెలుపులో సగం వారిదే.

ప్రశ్న: తేడా అంత తక్కువైతే వాకర్ రీకౌంటింగ్ ఎందుకు కోరలేదు? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: కోరడానికి చట్టం ఒప్పుకోలేదు, ఆ చట్టం మీద సంతకం చేసింది ఆయనే.

2016 అధ్యక్ష ఎన్నికలో విస్కాన్సిన్‌లో ఒక శాతం ఓట్లు మాత్రమే వచ్చిన గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టీన్, డబ్బు కట్టి రాష్ట్రమంతటా ఓట్లు మళ్ళీ లెక్కించమన్నారు. లెక్కిస్తే ట్రంప్ ఆధిక్యం 131 ఓట్లు పెరిగింది. గెలుపుకు ఆమడ దూరంలో ఉన్నవారు ఇలా అడగకూడదని చట్టసభ 2017లో నిబంధన మార్చింది: గెలిచినవారికీ తనకూ తేడా మొత్తం ఓట్లలో ఒక శాతానికి మించకపోతేనే అభ్యర్థి రీకౌంటింగ్ కోరవచ్చు. ఏడాది తిరగకుండానే వాకర్ ఓడిపోయింది 29,227 ఓట్లతో, అంటే సుమారు 1.1 శాతం తేడాతో. మూడో స్థానంలో నిలిచిన లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థికి వచ్చినవి 20 వేల చిల్లర ఓట్లే కాబట్టి ఓట్లు చీలడం వల్ల ఓడిపోయారనడానికి కూడా వీల్లేదు.

నవంబరు 6 రాత్రి లెక్కింపు చివరివరకు నువ్వా నేనా అన్నట్టే సాగింది. విస్కాన్సిన్ చట్టం ప్రకారం పోస్టల్ ఓట్లు, ముందస్తు ఓట్ల కవర్లను పోలింగు రోజు ఉదయం వరకు తెరవకూడదు. మిల్వాకీ నగరం ఆ ఓట్లన్నిటినీ ఒకేచోట లెక్కిస్తుంది. అర్ధరాత్రి దాటాక అక్కడి 45 వేలకు పైగా ఓట్ల ఫలితం ఒక్కసారిగా రావడంతో ఎవర్స్ ముందుకు వెళ్ళిపోయారు. రీకౌంటింగ్‌కు సిద్ధం కావాలని వాకర్ పక్షంవారు ఆ రాత్రి మద్దతుదారులకు చెప్పినా, మర్నాడు వాకర్ హుందాగా ఓటమిని అంగీకరించారు. నగరాల్లో ఓట్లు ఆలస్యంగా లెక్కకు రావడాన్ని మోసంగా చిత్రించే ధోరణి ఆ తరువాతి సంవత్సరాల్లో ఎంత పెరిగిందో చూశాం. కవర్లు ముందుగా తెరవకూడదన్న చట్టం వల్లే ఆలస్యమవుతుందన్న సాదా నిజాన్ని ఎన్నిసార్లయినా చెప్పవలసిందే.

ప్రశ్న: ఓడిపోయాక పదవి దిగేలోపు కొత్త గవర్నర్ అధికారాలకు కత్తెర వేశారని విన్నాను. ఇది సాధ్యమేనా? (నెల్లూరు పాఠకురాలు)

జవాబు: సాధ్యమే, జరిగింది కూడా. ఎన్నిక నవంబరులో జరిగితే ప్రమాణ స్వీకారం జనవరిలో. ఆ రెండు నెలలూ పాత గవర్నర్, పాత సభే. మొదటి జవాబులో చెప్పినట్టు అక్కడ చట్టసభ ఎన్నిక వేరు. 2018లో రాష్ట్రవ్యాప్త పదవులన్నీ డెమోక్రాట్లు గెలుచుకున్నా, 2011లో రిపబ్లికన్లు తమకు అనుకూలంగా గీసుకున్న నియోజకవర్గ సరిహద్దుల వల్ల దిగువ సభ అయిన అసెంబ్లీలో 99కి 63 సీట్లు వారివే అయ్యాయి. డిసెంబరు మొదటి వారంలో వారు ప్రత్యేక సమావేశం పెట్టి, రాత్రంతా కూర్చుని, తెల్లవారేసరికి బిల్లులు నెగ్గించారు. రాష్ట్రం వేసిన వ్యాజ్యాల నుంచి కొత్త ప్రభుత్వం సభ అనుమతి లేకుండా వైదొలగకూడదు. ఆర్థికాభివృద్ధి సంస్థ ముఖ్యాధికారిని కొత్త గవర్నర్ 2019 సెప్టెంబరు వరకు నియమించకూడదు. ముందస్తు ఓటింగు రెండు వారాలకు మించకూడదు. సమావేశం జరుగుతుండగా చట్టసభ భవనంలో క్రిస్మస్ చెట్టుకు దీపాలు వెలిగించడానికి వచ్చిన వాకర్‌ను జనం కేకలతో నిరసించారు. డిసెంబరు 14న ఆయన సంతకాలు చేశారు.

ఈ పనిని సమర్థించడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు. ఎనిమిదేళ్ళు తాను అనుభవించిన అధికారం ఎక్కువైందని వాకర్‌కు అనిపించి ఉంటే, ఆ మాట గెలిచిన రోజుల్లో అనవలసింది. ఓటరు ఎన్నుకున్నది 2018 నవంబరు 6 నాటి అధికారాలున్న గవర్నర్‌ను. ఓటమిని ఒప్పుకోవడంలో చూపిన హుందాతనం ఆరు వారాలు కూడా నిలవలేదు. ముందస్తు ఓటింగు ఆంక్షను 2019 జనవరిలో ఫెడరల్ న్యాయమూర్తి ఆపివేశారు. మార్చిలో రాష్ట్ర న్యాయమూర్తి ఒకరు ఆ చట్టాలను తాత్కాలికంగా నిలిపివేయగానే, ఆ కొద్ది వ్యవధిలోనే ఆరోగ్య చట్టం వ్యాజ్యం నుంచి రాష్ట్రం బయటపడింది.

ప్రశ్న: సభ అంతా ప్రత్యర్థులదే అయితే ఎవర్స్ గెలిచి ఏం చేయగలిగారు? (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: అడ్డుకోవడమే ఎక్కువ చేశారు. కానీ ఒక విచిత్రమైన అధికారం విస్కాన్సిన్ గవర్నర్ చేతిలో ఉంది: ఖర్చుకు సంబంధించిన బిల్లులో 1930 నుంచి ఆయన తనకు నచ్చని భాగాన్ని మాత్రమే కొట్టివేయవచ్చు. గవర్నర్లు అక్షరాలు కొట్టివేసి కొత్త మాటలు పుట్టించడం, వాక్యాలు అతికించడం మొదలుపెడితే 1990లో, 2008లో ప్రజలు రాజ్యాంగ సవరణలతో వాటిని ఆపారు. అంకెల జోలికి మాత్రం ఆ సవరణలు పోలేదు. 2023 బడ్జెట్‌లో ఒక్కో విద్యార్థికి 325 డాలర్ల చొప్పున పాఠశాలల ఆదాయ పరిమితి (రాష్ట్ర సాయం, స్థానిక పన్నులు కలిపి బడులు రాబట్టుకోగల సొమ్ముకు హద్దు) పెంపు ‘2023–24’, ‘2024–25’ విద్యా సంవత్సరాలకు అని సభ రాసింది. ఎవర్స్ మధ్యలోని మాటలను, ఒక ‘20’ని, ఒక అడ్డగీతను కొట్టివేశారు. మిగిలింది ‘2023–2425’. రెండేళ్ళ పెంపు నాలుగు వందల ఏళ్ళ పెంపు అయింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో 4–3 తీర్పుతో దాన్ని నిలబెట్టింది. బడుల మేలు కోసమే అయినా, సభ ఉద్దేశించని చట్టాన్ని ఒక్క మనిషి కలంతో తయారుచేయడం నాకు ఇబ్బందిగానే ఉంది. వాకర్ చేసినదాన్ని తప్పుపట్టిన నేను దీన్ని మెచ్చుకోలేను.

2022లో ఎవర్స్ తానే సిట్టింగ్ గవర్నర్‌గా పరీక్షకు నిలబడి, వ్యాపారవేత్త టిమ్ మైకెల్స్ మీద దాదాపు 90 వేల ఓట్ల మెజారిటీతో గెలిచారు. అధ్యక్షుడి పార్టీవాడే గవర్నర్‌గా గెలవడం అక్కడ 1990 తరువాత అదే మొదటిసారి.

ప్రశ్న: మా అబ్బాయి మిల్వాకీలో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి ఈ ఎన్నికల్లో ఓటు ఉంటుందా? మనవాళ్ళెవరైనా గవర్నర్ అయ్యారా? (గుంటూరు నుంచి తల్లిదండ్రులు)

జవాబు: ఓటు లేదు. గ్రీన్ కార్డు వచ్చినా ఉండదు. పౌరసత్వం తీసుకున్నవారికే గవర్నర్ ఎన్నికలో ఓటు. పొరపాటున కూడా ఓటరుగా నమోదు కావద్దని చెప్పండి, అది వీసాకు, భవిష్యత్తులో పౌరసత్వానికి ముప్పు తెస్తుంది. అక్కడే పుట్టిన పిల్లలుంటే 18 ఏళ్ళు నిండగానే వారికి హక్కు వస్తుంది. విస్కాన్సిన్‌లో పోలింగు రోజునే నమోదై ఓటు వేసే వీలుంది, ఫోటో గుర్తింపు కార్డు మాత్రం తప్పనిసరి.

తెలుగువారెవరూ ఇంకా గవర్నర్ కాలేదు. గవర్నర్‌కు ఒక మెట్టు కింది పదవి వరకు వచ్చారు: హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్, పుట్టింటి పేరు కాట్రగడ్డ, 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు.

ప్రశ్న: ఎవర్స్ మూడోసారి పోటీ చేస్తారా? (అనంతపురం పాఠకుడు)

జవాబు: చేయరు. 2025 జూలైలో ఆయన ఆ మాట ప్రకటించారు. కాబట్టి పార్టీల అభ్యర్థులను ఓటర్లు ఎంచుకోవడానికి 2026 ఆగస్టు 11న జరిగే ప్రైమరీలకు, నవంబరు 3న జరిగే ఎన్నికకు రెండు పార్టీల నుంచీ కొత్త ముఖాలే ఉంటాయి. సిట్టింగ్ గవర్నర్ లేకుండా విస్కాన్సిన్‌లో గవర్నర్ ఎన్నిక జరగడం 2010 తరువాత ఇదే మొదలు. 10వ చట్టం మాత్రం ఇంకా ప్రచారంలో ఉంటుంది: దానిలోని చాలా భాగాలు రాజ్యాంగ విరుద్ధమని 2024 డిసెంబరులో డేన్ కౌంటీ న్యాయమూర్తి తీర్పు చెప్పగా, రిపబ్లికన్లు ఆ తీర్పుపై అప్పీలుకు వెళ్ళారు.